సీలింగ్ పేజీలో ఒక పేరు

“శనివారం లారీ కదలకముందే ఆ డ్రమ్ము మన చేతికి రావాలప్పా,” అన్నాడు బాలచంద్ర, కాఫీ గ్లాసులోకి చూస్తూ.

అది 2009 మే నెల. తిరుపతి బస్టాండు ఎదుటి హోటల్లో ఇద్దరూ నున్నటి గుండ్లతో, నెత్తిన చందనంతో కూర్చున్నారు. ఈ ఊళ్లో ఇంతకంటే మంచి మారువేషం లేదు, డిపార్ట్‌మెంటుకు పైసా ఖర్చూ లేదు. బాలచంద్ర సీక్రెట్ సర్వీసులో దక్షిణ విభాగం చీఫ్. ఎదుట కూర్చున్నది ఏజెంట్ ధనంజయ. కోడ్ నేమ్ తోతాపురి.

“సరుకేంది సార్?”

“మిస్సైల్ దారి తప్పకుండా చూసే గైరోస్కోప్. ల్యాబ్‌లో కొట్టేసినారు. బంగారుపాళ్యం పల్ప్ ఫ్యాక్టరీలో మామిడి గుజ్జు డ్రమ్ములో దాచినారు. చెన్నై పోర్టు నుంచి ఓడ ఎక్కుతుంది.”

“కొనేది?”

“పీటర్సన్. క్వాలిటీ ఆడిటర్ వేషంలో ఫ్యాక్టరీలోనే ఉండాడు. వట్టి చేతుల్తో పట్టుకుంటే మర్నాడే వదిలేయాల. డ్రమ్ముతో సహా కావాల. వందల డ్రమ్ముల్లో ఏదో నీలం చెప్పాల.”

నీలం అంటే నందిని. కార్వేటినగరం అమ్మాయి, ఆ ఫ్యాక్టరీ ఎక్స్‌పోర్ట్ మేనేజర్. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఎవరినైనా ఇట్టే బుట్టలో వేసుకునే నవ్వు. గైరోస్కోప్ దొంగిలించిన ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. నిజానికి ఆమె మన మనిషి. ఆమె ఫోన్లూ మెయిళ్లూ ముఠా కళ్లముందే ఉంటాయి కాబట్టి, ఆమెతో మాట్లాడటానికి ధనంజయ వేరే దారి కనిపెట్టాడు. దాన్ని తలుచుకుని లోలోపల మురిసిపోయేవాడు కూడా.

ఫ్యాక్టరీలో డ్రమ్ముల లెక్క చూసే సాఫ్ట్‌వేర్‌ను తిరుపతిలోని ఒక చిన్న కంపెనీ చేసింది. ధనంజయ అక్కడ టెక్నికల్ రైటర్‌గా చేరాడు. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇంగ్లిషులో మాన్యువల్ రాయడం అతని పని. ఉత్త టెక్స్ట్ ఫైళ్లలో రాస్తాడు. మాట కింద గీతలు గీస్తే అది హెడ్డింగ్. నక్షత్రం గుర్తుల మధ్య పెడితే బోల్డ్. చివర ఒక్క కమాండ్ కొడితే ఫైళ్లన్నీ కలిసి వెబ్‌సైట్ అయిపోతాయి. వరస మొదట్లో రెండు చుక్కలు పెడితే మాత్రం అది రాసేవాళ్లు తమకోసం రాసుకునే కామెంట్. వెబ్ పేజీలో కనిపించదు. కస్టమర్ తరఫున ఆ ఫైళ్లను సరిచూసేది నందిని కాబట్టి, ఇద్దరి సంభాషణా ఇంగ్లిషులోనే, ఆ రెండు చుక్కల వెనకే నడిచేది.

ధనంజయ ఆఫీసుకు వచ్చేసరికి, వెబ్‌సైట్ పని చూసే జయంతి సంబరంగా ఎదురొచ్చింది. అతను గూఢచారి అని ఆమెకు తెలియదు.

“అన్నా, నిన్న సాయంత్రం కొత్త వెర్షన్ ఎక్కించినాను. ఇప్పుడు ప్రతి పేజీ పక్కనా ‘షో సోర్స్’ అని లింక్ వచ్చింది. నొక్కితే నువ్వు రాసిన టెక్స్ట్ ఫైల్ ఉన్నదున్నట్టు కనపడతాది.”

“ఉన్నదున్నట్టా?”

“చుక్కా పొల్లూ పోకుండా.”

ధనంజయ, డ్రమ్ములకు సీలు వేయడం గురించిన సీలింగ్ పేజీ తెరిచి లింక్ నొక్కాడు. రెండు చుక్కలు, వాటి వెనక తన వాక్యం: “నందినీ, వాళ్లు నిన్ను తమ మనిషే అనుకుంటున్నారు. డ్రమ్ము తెలిసేదాకా ఓపిక పట్టు.”

నీలం అని రాయాలి, రూల్ అది. ఆ పేరు రాయడం బాగుంది కాబట్టి రాశాడు. అంతకు మించి కారణం లేదు. తన ముచ్చట ఆమె మెడకు చుట్టుకుంది. ట్రైనింగ్‌లో మొదటి రోజు నేర్పే పాఠం అది, ఇన్నేళ్ల సర్వీసు తర్వాత పిల్లాడిలా తప్పాడు.

“ఇంకో సంగతన్నా,” జయంతి, ఎవరు ఏ పేజీ తెరిచారో నమోదయ్యే సర్వర్ లాగ్ చూపించింది. “ఫ్యాక్టరీ నుంచి ఎవరో మన మాన్యువల్ చదువుతా ఉండారు. ప్రతి పేజీకీ సోర్స్ నొక్కుతా ఉండారు. ఇంత శ్రద్ధగా చదివేవాళ్లను నేను యాడా సూడలేదు.”

పీటర్సన్. పరిచయం పేజీ అయింది, తూకం పేజీ అయింది, ఇప్పుడు ఫిల్లింగ్ పేజీ సోర్స్‌లో ఉన్నాడు. అందులో “నీలం, ఏ డ్రమ్మో చెప్పు” అని ఉంది. ఫ్యాక్టరీలో గూఢచారి ఉన్నాడని వాడికి ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ తర్వాతి పేజీ సీలింగ్.

పేరు చెరిపేస్తే చాలదు. నీలం ఎవరో తేలేదాకా వాడు అక్కడ ఒక్కొక్కరినీ నిలదీస్తాడు, ముందు పక్కనున్న నందినినే. ధనంజయ బాల్కనీలోకి వెళ్లి చీఫ్‌కు ఫోన్ చేశాడు.

“ఆమె పేరు ఆ ఫైల్లో ఎవరు రాసినారు?” అన్నాడు బాలచంద్ర అంతా విని.

“నేనే సార్.”

తిట్టు పడేలోపే ధనంజయ తన ఉపాయం చెప్పాడు.

“ఆ పేరు తీసి నా పేరు పెడతాను. సాయంత్రం రెయిడ్ అని భయపెడతాను, జీపులతో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాచుకోండి. వాడు ఏ డ్రమ్ము బయటికి తెస్తే అదే మనది.”

“నీ పేరు బయటపడితే ఇంక ఫీల్డ్‌లో నీకు పని లేనట్టేనప్పా.”

“ఆమె పేరు బయటపడితే ఆమే ఉండదు సార్.”

సీట్లోకి వచ్చి పాత వాక్యం కొట్టేసి, చీఫ్ తనకు రాసినట్టుగా కొత్తది రాశాడు: “ధనంజయకు. నీలం అంటే నువ్వే, మర్చిపోకు. ఫ్యాక్టరీలో మనవాళ్లు ఎవరూ లేరు. సాయంత్రం రెయిడ్, డ్రమ్ములన్నీ కోస్తాం.” కమాండ్ కొట్టాడు. టెక్స్ట్ ఫైళ్లు ఒక్కొక్కటిగా పేజీలయ్యాయి. అప్‌లోడ్ మొదలైంది. ఆ రోజు బ్రాడ్‌బ్యాండ్‌కు తొందరేమీ లేదు.

“అన్నా, సీలింగ్ పేజీకి వచ్చినారు,” అంది జయంతి.

అప్‌లోడ్ పూర్తయిందని స్క్రీన్ మీద పడింది. దాని వెనకే లాగ్‌లో ఇంకో వరస వచ్చింది. పీటర్సన్ సీలింగ్ పేజీ సోర్స్ నొక్కాడు.

తర్వాత లాగ్‌లో ఏమీ రాలేదు.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దాటబోతున్న చిన్న వ్యాన్‌కు జీపులు అడ్డం పడ్డాయి. వెనక ఒకే ఒక్క డ్రమ్ము. ముందు సీట్లో పీటర్సన్, పక్కన నందిని. గుజ్జులోంచి గైరోస్కోప్ బయటికి తీసేసరికి బాలచంద్ర చొక్కా మోచేతులదాకా పసుపు రంగైంది.

ధనంజయ చేరుకునేసరికి నందిని కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటోంది.

“నందినీ, నీ పేరు నేనే…”

“తెలుసు. ఆ కొత్త లింక్ పొద్దున్నే సూసినాను. నా పేరు కనపడింది.”

“అయితే అప్పుడే వచ్చేయాల్సింది.”

“నేను లేచొస్తే డ్రమ్ము యాడికి పోతుందో ఎవరు సూస్తారు? నువ్వు సూసి తీసేస్తావులే అనుకున్నా. ఆయప్ప ఒక్కో పేజీ తిప్పతా ఉంటే పక్కనే కూర్చోనుండినాను. కాఫీ కూడా నేనే కలిపిచ్చినాను.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ధనంజయ తల ఎత్తలేకపోయాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

“ఇంక నా పేరు యాడా రాయొద్దు,” అని జీపెక్కింది.

ధనంజయను ఫీల్డ్ నుంచి తప్పించి హెడ్డాఫీసులో మాన్యువల్స్ రాసే సీట్లో వేశారు. అతను రాసేవి ఎవరైనా చదువుతారా అని జూనియర్లు అడిగితే ఉన్న మాటే చెబుతాడు. ఇంతవరకూ శ్రద్ధగా చదివింది ఒక్కడే, వాడు జైల్లో ఉన్నాడు.