గోటితో ఎంచిన కూలరు

కంప్యూటరు ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలరును డబ్బాలోంచి బయటికి తీసి, దాని అల్యూమినియం రేకుల మీద గౌతమి గోటితో టక్కున మీటింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. పెదవి విరిచి పక్కన పెట్టి, ఇంకొకటి అందుకుంది.

కౌంటరు వెనక కంప్యూటర్ షాపు ఓనరు మోహనకృష్ణ చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది.

"ఏటండీ అది, పుచ్చకాయా?"

"పనస దుంగని మా నాన్న ఇలాగే సూసి కొంటారు. మంచి వీణ అవుతాదో లేదో ఒక్క దెబ్బకి తెలిసిపోతాది."

"వీణ మోగాలండీ. ఇది మోగకూడదు కదా."

మాట సబబుగానే ఉంది. కానీ అన్నవాడు నవ్వుతున్నాడు. అందుకే గౌతమికి ఒప్పుకోబుద్ధి కాలేదు.

"లోపల లోపముంటే నా చెవికి తెలుస్తాది. మీరు సూస్తూ ఉండండి."

అతను నిజంగానే చూస్తూ ఉండిపోయాడు.

గౌతమి తండ్రి చంద్రశేఖరం బొబ్బిలిలో వీణలు చేస్తాడు. ఆమె వీణ నేర్పుతుంది. ఒక సంగీత సంస్థ ఆన్‌లైన్ పాఠాలకు గురువులను తీసుకుంటోంది. పది నిమిషాలు వాయించి, ఆ రికార్డింగును శనివారం సాయంత్రం ఐదింటిలోగా పంపాలి. ఆ ఉద్యోగం తనదేనని గౌతమికి గట్టి నమ్మకం. చిక్కల్లా కంప్యూటరుతోనే. ఆమె తీగ మీద వేలు పెట్టిందంటే చాలు, ప్రాసెసర్ మీదున్న చిన్న ఫ్యాను కూడా గొంతు సవరించుకుంటుంది.

"చిన్న ఫ్యాను గాలి కోసం గింగిరాలు తిరగాలి, అందుకే అరుస్తాది," అన్నాడు మోహనకృష్ణ. "పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగినా సరిపోతాది. ఇదిగో, ఈ పొట్టిది..."

గౌతమి అప్పటికే జానెడు పొడుగున్న కూలరును మీటింది. గుడిగంట చివర మిగిలే నాదంలా సన్నగా, శుద్ధంగా పలికింది.

"ఇదే."

అతను పొట్టిదాన్ని మళ్లీ డబ్బాలో పెట్టేశాడు. "రేపు వచ్చి బిగిస్తాను," అన్నాడు.

శుక్రవారం గౌతమి ఇంటికి వచ్చి బిగించాడు. తీరా చూస్తే కంప్యూటరు కేబినెట్ పక్క తలుపు పట్టలేదు. కూలరు వేలెడంత బయటికి పొడుచుకొచ్చింది.

"మీరే కదా షాపు పెట్టినోరు," అంది గౌతమి. "పడతాదో లేదో కొలత సూడక్కర్లేదా?"

"సూడాలి. నాదే తప్పు."

"రేపు ఐదింటికి గడువు నాకు."

"పొట్టిదాన్ని విజయనగరంలో ఇంకో షాపుకి పంపించేశాను. రేపు నేనే పోయి తెస్తాను."

పొట్టిది తీసుకోమన్నానని అతను ఒక్క మాటైనా అనలేదు. ఆ సంగతి గౌతమికి అతను వెళ్లిపోయాక గాని తట్టలేదు. తట్టాక సాయంత్రమంతా వదల్లేదు.

శనివారం తెల్లారేసరికి వాన పట్టుకుంది. మధ్యాహ్నం రెండయినా ఇంటి పైరేకుల మీద దరువు ఆగలేదు. రెండున్నరకి బైకు వచ్చి ఆగింది. మోహనకృష్ణ నిలువెల్లా తడిసి ఉన్నాడు. రెయిన్‌కోటు మాత్రం కూలరు డబ్బాకు తొడిగి ఉంది.

గౌతమి తువ్వాలు అందించింది.

అతను ప్రాసెసర్ మీద వేడి లాగే పాత పేస్టు తుడిచి, కొత్తది రాసి, కూలరు బిగించాడు. ఈసారి తలుపు పట్టింది. ఫోన్‌లో శబ్దం కొలిచి అంకె చూపించాడు.

"సూడండి, ఎంత తక్కువో."

గౌతమి కళ్లు మూసుకుని విన్నది. "తక్కువే. కానీ నిలకడ లేదు. పైకి పోతన్నాది, కిందికి దిగతన్నాది. ఒకే చోట ఉంటే చెవి మర్చిపోతాది. ఊగుతుంటే వెంటపడతాది."

అంకె చెప్పని ముక్క అది. మోహనకృష్ణ వేడితో పాటు ఫ్యాను వేగం మారకుండా సెట్టింగు మార్చాడు. నెమ్మదిగా, ఎప్పుడూ ఒకే వేగం. కంప్యూటరుకి పావుగంట పని పెట్టి, వేడి ఎక్కడ ఆగుతుందో చూశాడు.

"ఇంతకు మించి ఎక్కదు. మీరు వాయించండి."

నాలుగు దాటాక వాన తెరిపిచ్చింది. గౌతమి సీలింగ్ ఫ్యాను ఆపింది. వసారాలో తండ్రి చిత్రిక పట్టడం ఆపాడు. మోహనకృష్ణ గోడకి ఆనుకుని, నీళ్లోడుతున్న చొక్కాతో కదలకుండా కూర్చున్నాడు. పది నిమిషాలు వీణ ఒక్కటే మాట్లాడింది.

తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, ఫ్యాను ఎక్కడా లేదు. చిట్టచివర మాత్రం ఒక పొడుగాటి నిట్టూర్పు.

"ఇదెవరిది?"

"నాదే. అయిపోయిందని ఊపిరి వదిలాను."

ఆ ముక్క కత్తిరించి, ఐదు కావడానికి పది నిమిషాలుందనగా పంపింది. కత్తిరించని దాన్ని చెరిపెయ్యలేదు.

అతను సామాన్లు సర్దుకుంటూ, "ఒకటి సెప్పాలి," అన్నాడు. "కేబినెట్ కొలత అడగకుండా నేను ఎవరికీ కూలరు అమ్మలేదు. మీకే."

"నాకే ఎందుకట?"

"మీరలా గోటితో మీటి వింటుంటే, అడగాలన్న సంగతే మర్చిపోయాను."

గౌతమి తీగ సవరించుకుంటూ తల వంచుకుంది. తీగ సరిగ్గానే ఉంది.

వసారాలోంచి చంద్రశేఖరం గొంతు వినిపించింది. "కొలత మర్చిపోయినోడిని నా పనిలో పెట్టుకోను, బాబూ. తప్పు నాదే అన్నోడికి మాత్రం పకోడీలు పెడతాను. వచ్చి కూర్చో."

మోహనకృష్ణ లేవబోయాడు.

"మీ సొంతూరు గజపతినగరం, దగ్గరే కదా?" అంది గౌతమి. "రేపు మీ అమ్మగారిని తీసుకురండి."

"కూలరు సూడ్డానికా?"

"నన్ను సూడ్డానికి. మీరు అడగాల్సినవి మర్చిపోతారు. ఆవిడైతే అన్నీ అడుగుతారు."

వసారాలో చిత్రిక చప్పుడు ఆగింది. క్షణం తర్వాత, "ఎన్ని గంటలకో కూడా సెప్పవే," అన్నాడు తండ్రి.