కుక్కర్ కోసం ఖాళీ చేసిన చోటు

ఆ పొద్దున వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో తెలియక ఆవిడ మొగుడు, తాళాలు బాగుచేస్తాడు కాబట్టి అందరికీ తాళాలాయన, ఇల్లంతా తిరుగుతున్నాడు. ఇన్ని తిరుగుళ్ళ మధ్య ఫోను మోగితే ఇల్లాలికి తల తిరిగింది. అయినా ఫోను తీసి చెవికి ఆనించుకుంది. అవతల కూతురు. దిక్కులేని జంతువుల షెల్టర్లో పనిచేస్తుంది.

"అమ్మా, పెద్ద కుక్కని తెస్తున్నా. కొన్నాళ్ళు మనింట్లో ఉంచుకుందాం."

మిక్సీ హోరులో ఆవిడకి వినబడింది "పెద్ద కుక్కర్ని" అని.

"కొత్తదా, పాతదా?"

"పాతదేనమ్మా. ఎవరో కొనుక్కుని, పట్టించుకోకుండా మూల పడేశారు."

"అయ్యో! మూత బాగుందా?"

"మూతి బాగానే ఉంది. కాస్త గీసుకుపోయింది, అంతే."

"అరుస్తుందా?"

"అస్సలు అరవట్లేదు. అదే నా బెంగ."

"బాగుచేస్తే అదే అరుస్తుందిలే. తీసుకురా, చోటు చేసి పెడతాను."

అమ్మ ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని కూతురు కలలో కూడా అనుకోలేదు. మనసు మారేలోపే "మా అమ్మ బంగారం" అని ఫోను పెట్టేసింది.

ఇల్లాలు నడుం బిగించింది. పొయ్యి గట్టు కింద మూల ఏళ్ళ తరబడి పేరుకున్న డబ్బాలు, ఉల్లిపాయల బస్తా, పిడి ఊడిన బాణలి అన్నీ బయటికి లాగింది. నేల తుడిచింది. ఎంత పెద్ద కుక్కరైనా పట్టేలా చోటు చేసి, దాన్ని తోమడానికి పీచు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

ఆటో ఆగింది. కూతురు దిగింది. ఆ వెనకే నాలుగు కాళ్ళు, ఒక తోక, చూరుకి వేలాడేసిన చొక్కాలా వదులుగా వేలాడుతున్న చర్మం దిగాయి. గ్రేట్ డేన్ జాతి. నిలబడితే తల భోజనాల బల్ల దాటుతుంది. పక్కటెముకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. మెడ చుట్టూ గొలుసు ఒరిసిన మేర వెంట్రుకే లేదు.

"కుక్కర్ ఏదే?" అంది ఇల్లాలు.

"కుక్కరేంటమ్మా?"

తాళాలాయనకి కళ్ళజోడు నెత్తి మీదే దొరికింది. పెట్టుకుని చూసి పకపకా నవ్వాడు. "ఏమోయ్, నీ కుక్కర్‌కి కాళ్ళొచ్చాయి! వెనక పిడి కూడా ఉంది చూడు, ఊగుతోంది."

ఊగడం లేదు. ఆ తోక పొట్ట కిందికి ముడుచుకుని ఉంది.

"మూసేసిన గోడౌన్ వెనకాల పొట్టి గొలుసుతో కట్టేసి మర్చిపోయారట నాన్నా" అంది కూతురు. "మంచి ఇల్లు దొరికేదాకా ఎవరో ఒకరు సాకాలి. అమ్మ ఒప్పుకుంది."

"నేనా? నేను ఒప్పుకున్నది అల్యూమినియానికే!"

ఈ వాదన తేలేలోగా కుక్క ముగ్గురినీ దాటుకుని వంటింట్లోకి నడిచింది. గట్టు కింద తుడిచిన చోటు చూసింది. మడత మంచంలా ఒక్కో కాలూ మడుచుకుంటూ అందులో సర్దుకుని కళ్ళు మూసుకుంది. పీచు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

పేరు వెతుక్కునే పని లేకపోయింది. కుక్కర్ అన్నారు.

వచ్చిన చిక్కల్లా తిండి దగ్గర. పళ్ళెం పెడితే కుక్కర్ గోడకి అతుక్కుపోయేది. పెట్టిన చెయ్యి మళ్ళీ ఏం చేస్తుందో అని చూసేది. కూతురు బతిమాలింది. తాళాలాయన పళ్ళెం ముందు బాసింపట్టు వేసుక్కూచుని, "తిను నాయనా, లోకంలో తాళాలన్నీ తీశాను, నీ నోటి తాళం తియ్యలేక, చూస్తూ తాళలేక చస్తున్నాను" అని వాపోయాడు. మెతుకు ముట్టలేదు.

ఒకనాడు ఇల్లాలు పళ్ళెం పెట్టి, విసిగి, "తింటే తిను, లేకపోతే నీ ఖర్మ" అనేసరికి పొయ్యి మీద అసలు కుక్కర్ కుయ్యిమంది. ఆవిడ గభాలున వెనక్కి తిరిగి పొయ్యి తగ్గిస్తోంది. వీపు వెనక చప్ చప్ మని చప్పుడు. తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. ఎందుకు చూడలేదో ఆవిడకే తెలియదు. చప్పుడు ఆగేదాకా పొయ్యినే చూస్తూ నిలబడింది.

ఆరోజు నుంచి అదే పద్ధతి. పళ్ళెం పెట్టడం, విజిల్ రాగానే వీపు తిప్పడం. సాయంత్రం వండేదేమీ లేకపోతే ఉత్తి నీళ్ళు పోసి కుక్కర్ పెట్టేది.

"నీళ్ళు ఉడికాయా, ఇంకా పచ్చిగా ఉన్నాయా?" అనేవాడు తాళాలాయన.

"మీ జోకులకన్నా మెత్తగానే ఉడికాయి."

కుక్కర్ ఒళ్ళు చేసింది. మెడ మీద నూగు మొలిచింది. తోక లేచింది, లేచి గ్లాసులు పడగొట్టింది. ఒక మధ్యాహ్నం ఇల్లాలు నేల మీద కూర్చుని కూరగాయలు తరుగుతుంటే, ఆ బండ తలకాయ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. కాలు తిమ్మిరెక్కినా ఆవిడ లేవలేదు. ఆవేళ వంట ఆలస్యమైంది.

అప్పుడొచ్చాడు, కుక్కని పెంచుకుంటానని షెల్టర్లో పేరు రాయించుకున్న బస్సు డ్రైవరుగారు. రిటైరై, ఊరి చివర పెద్ద పెరడున్న ఇంట్లో ఒక్కడే ఉంటాడు. "జీవితమంతా జనాన్ని దింపుతూనే ఉన్నాను చెల్లెమ్మా, ఇప్పుడొకర్ని ఎక్కించుకోవాలని ఉంది" అన్నాడు. కుక్కర్ అతని చెప్పులు వాసన చూసి, పాదాల మీద వాలి కూర్చుంది. ఇల్లాలికి వంక దొరకలేదు. దుప్పటి, పళ్ళెం, బంతి మూటగట్టి ఇచ్చింది. పళ్ళెం ఒక్కటీ చివర్లో వెనక్కి తీసుకుంది. "ఇది చొట్టపడింది, ఆయన దగ్గర మంచివి ఉంటాయిలే" అంది.

వారం తిరక్కుండానే ఫోను. మాట్లాడి వంటింట్లోకి వచ్చిన కూతురి మొహం వాడిపోయింది.

"అక్కడ తినట్లేదటమ్మా. పాలు మాత్రం ఇంత నాకుతోందట. ఆయన పక్కనే కూర్చుని గంటల తరబడి బతిమాలుతున్నాడట. కుదరకపోతే వెనక్కి ఇచ్చేస్తానంటున్నాడు, ఏడుస్తున్నాడు పాపం."

"తెచ్చేసెయ్" అంది ఇల్లాలు వెంటనే. "నేను చెప్పలేదూ? దానికి ఇక్కడే అలవాటు."

గట్టు కింద మూల కడిగి ఉంది. పాత దుప్పటి ఒకటి పరిచి కూడా ఉంది. కూతురు అది చూసింది.

"అమ్మా, ఫోను ఇప్పుడొచ్చింది. దుప్పటి ఎప్పుడు పరిచావు?"

ఇల్లాలు జవాబు చెప్పేలోపు పొయ్యి మీద కుక్కర్ కుయ్యిమంది. ఆవిడ చెయ్యి దానంతటదే వెళ్ళి చొట్టపడిన పళ్ళెం అందుకుంది. అందుకుని, నేలకి వంగి, ఖాళీ మూల ముందు పెట్టబోయి ఆగిపోయింది.

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"విజిల్!" అంది కూతురు. "ఆయన ఇంట్లో కరెంటు కుక్కర్. అది టిక్కుమంటుంది, కుయ్యిమనదు. నీకు తెలుసు కదూ?"

"...తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"దాన్ని దింపడానికి ఆయనింటికి మనం వెళ్ళిన రోజే చూశాను."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే అది అక్కడే ఉండిపోతుంది కదే!" ఇల్లాలు పళ్ళెం గట్టు మీద పడేసింది. "నువ్వు తెస్తావు, నేను సాకుతాను, నువ్వే పట్టుకుపోతావు. నా మనసేమైనా మీ షెల్టరుకి అద్దెకిచ్చానా? ఎముకలు లెక్కపెట్టుకునేలా వచ్చినదాన్ని మనిషి చెయ్యి నమ్మేలా చేస్తే, ఆ చెయ్యే గెంటేయాలా?"

"గెంటడమేంటమ్మా, ఇల్లు ఇవ్వడం. ఇది మన మూలలోనే ఉండిపోతే, షెల్టర్లో ఇనపతలుపుకి మూతి ఆనించుకుని నిలబడ్డ ఇంకో కుక్కని నేనెక్కడికి తీసుకెళ్ళను? సరే, అదంతా వదిలెయ్. అది అక్కడ ఆకలితో ఉందమ్మా. నీకు తెలిసీ ఆకలితో ఉంది."

ఇల్లాలు గట్టు పట్టుకుని నిలబడిపోయింది. గుమ్మంలో తాళాలాయన ఉన్నాడు. స్కూటరు తాళం తీసి చేతిలో పట్టుకున్నాడు.

పొయ్యి మీద కుక్కర్ రెండోసారి కుయ్యిమంది. ఇల్లాలు పొయ్యి కట్టేసింది. ఆవిరి పోయేదాకా ఆగి, లోపలిది గిన్నెలోకి ఒంపి, కుక్కర్ కడిగి, తుడిచి, కొంగుతో కళ్ళు కూడా తుడుచుకుంది.

"పదండి" అంది.

స్కూటరు వెనక ఒళ్ళో కుక్కర్, అందులో చొట్టపళ్ళెం పెట్టుకుని కూర్చుంది. వెనక మరో బండి మీద కూతురు.

డ్రైవరుగారి వాకిట్లోకి అడుగు పెట్టగానే కుక్కర్ పరిగెత్తుకొచ్చి ఆవిడ భుజాల మీద కాళ్ళు వేసింది. మనిషి వెనక్కి తూలింది. పక్కటెముకలు మళ్ళీ చేతికి తగిలాయి. ఆవిడ దాని చెవిలో ఏదో అంది. ఏమందో ఎవరికీ వినబడలేదు, ఈసారి మిక్సీ లేకపోయినా.

వంటింట్లో కుక్కర్‌లో నీళ్ళు పోసి ఆయన పొయ్యి మీద ఎక్కించింది. "అన్నయ్యా, పళ్ళెం మీరే పెట్టండి. పెట్టి ఇలా వచ్చి నిలబడండి. బతిమాలొద్దు. కుయ్యిమనగానే వీపు తిప్పేయండి. ఏం చప్పుడైనా వెనక్కి చూడొద్దు."

"చూడకపోతే ఎలా చెల్లెమ్మా? తింటోందో లేదో..."

"మనం చూడటమే దానికి భయం."

డ్రైవరుగారు అన్నం కలిపి పెట్టిన పళ్ళెం గచ్చు మీద గలగలమంది. పొయ్యి మీద కుక్కర్ బుసకొట్టింది, ఊగింది, కుయ్యిమంది. ఆయన వీపు తిప్పాడు. తాళాలాయన, కూతురు తిప్పారు. అందరికన్నా చివర ఇల్లాలు తిప్పింది. నలుగురూ గోడకున్న పాత క్యాలెండరుని అదేదో అద్భుతంలా చూస్తూ నిలబడ్డారు.

కాసేపు ఏమీ లేదు. తరవాత గోళ్ళ చప్పుడు. తరవాత చప్ చప్.

డ్రైవరుగారి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇల్లాలు వెనక్కి తిరగలేదు. పళ్ళెం అడుగు నాలుక రాసుకునే చప్పుడు దాకా విని, అప్పుడు తిరిగింది. కుక్కర్ మూతి తుడుచుకోకుండా వెళ్ళి డ్రైవరుగారి పాదాల మీద కూర్చుంది. ఆవిడ వైపు చూసి తోక మాత్రం ఊపింది.

విజిల్ విని పక్కింటి నర్సమ్మ పెరటి గోడ మీంచి తొంగిచూసింది. "ఏంటండీ, కుక్కర్ కోసం కుక్కర్ తెచ్చారా? అసలు కుక్కకి ఆ పేరేంటి?"

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నా" అన్నాడు డ్రైవరుగారు కళ్ళు ఒత్తుకుంటూ.

కూతురు మొదలుపెట్టింది. మిక్సీ హోరు, మూత, మూతి, అరవకపోవడం, గుమ్మంలో పీచు, ఒక్కటీ వదల్లేదు. నర్సమ్మ గోడ పట్టుకుని నవ్వింది. తాళాలాయన "ఇప్పుడు మా ఇంట్లో కుక్కా లేదు, కుక్కరూ లేదు, ఇక కుక్క పాట్లూ లేవు" అన్నాడు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఈవిడ చెవి పుణ్యమా అని దానికి ఇల్లు దొరికిందన్నమాట" అంది నర్సమ్మ.

"లేదండీ, కుక్క అని సరిగ్గా వినబడి ఉంటే చోటు లేదనే అనేదాన్ని" అంది ఇల్లాలు. "కుక్కర్ అనుకుని అన్నీ బయటికి లాగేశాను. వచ్చింది కుక్క. చోటు అప్పటికే ఖాళీ అయిపోయింది, ఇంకేం చేస్తాను?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఒంగి కుక్కర్ చెవి ఒకసారి నిమిరి, కూతురి వైపు తిరిగింది.

"ఏమే, ఇనపతలుపు దగ్గర నిలబడ్డదన్నావు. దాని సైజెంత?"