జేజినాయన నడక, తనూజ చెక్కలు

మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుందామని లేచిన జేజినాయన, వంటింటి గడప దగ్గర నిలబడిపోయాడు. కుడికాలు లేవడం లేదు. ఎడమకాలూ లేవడం లేదు.

"రా జేజినాయనా, అడుగు వెయ్యి," అంది మనవరాలు తనూజ, చెంబుతో నీళ్ళు పట్టుకుని.

"ఏద్దామనే చూస్తాండా పాపా. రావడంల్యా," అన్నాడు తాత పుల్లయ్య.

తనూజకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ కాళ్ళ గొప్ప ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఒంటిమిట్ట చుట్టుపక్కల పల్లెల్లో చెక్కభజన అంటే పుల్లయ్య పేరు చెప్పాల్సిందే. పగలంతా మగ్గం నేసి, పొద్దు వాలాక చెక్కలు పట్టి, ముప్పై మందిని గుండ్రంగా తిప్పి ఆడించిన గురువు ఆయన. చెక్కలంటే చేతుల్లో పట్టుకుని తట్టే కొయ్యముక్కలు. వాటికి బిగించిన ఇత్తడి బిళ్ళలు ఘల్లుమంటాయి.

రెండేళ్ళ కింద ఆయన చెయ్యి వణకడం మొదలైంది. అది పార్కిన్సన్స్ అనే జబ్బని కడపలో డాక్టరు చెప్పాడు. మందులు వేసుకుంటున్నా, గడపో ఇరుకు సందో వచ్చేసరికి కాళ్ళు మొండికేస్తున్నాయి.

పోయిన వారం ఫిజియోథెరపీ చేసే పద్మశ్రీ మేడం ఒక ఉపాయం చెప్పింది. "మెదడు నుంచి కాళ్ళకు లయ సరిగా అందడం లేదు. బయట నుంచి ఒక లయ వినిపిస్తే కాళ్ళు దాన్ని పట్టుకుని నడుస్తాయి. మందులు మానకుండా ఇది కూడా చేయండి," అని, అమ్మ ఫోన్‌లో టిక్, టిక్ అని కొట్టే యాప్ వేసి ఇచ్చింది.

జేజినాయన దాన్ని ఒక్క పూట విన్నాడు. "బల్లి అరిచినట్టుండాది. దీనికెవురు నడుస్తారు?" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

ఇప్పుడు గడప దగ్గర ఆయన్ను చూస్తుంటే తనూజకు ఒక ఆలోచన వచ్చింది. చెంబు కింద పెట్టి, లోపలికి ఉరికి, బడిలో ఆటకు వాడే తన చెక్కలు తెచ్చింది. తక్ ఘల్. తక్ ఘల్.

జేజినాయన తలెత్తాడు. కుడికాలు లేచింది. గడప దాటింది. వెనకే ఎడమకాలు కూడా!

అమ్మ తోముతున్న గిన్నె వదిలేసి లేచింది. "మామా! దాటినావు!"

"నేనేం జేసినా? చెక్కలు పిలిచినాయి, కాళ్ళు పోయినాయి," అని ఆయన నవ్వాడు. తనూజ ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళైందో!

ఆ రోజే ఆయన తన మనసులో మాట బయటపెట్టాడు. శ్రీరామనవమి ముందు రోజు సాయంత్రం భజన మందిరం దగ్గర తనూజ వాళ్ళ బడి జట్టు చెక్కభజన ఆట ఉంది. ఇంటి నుంచి మందిరానికి రెండు వందల అడుగులు. "పోయినేడు నన్ను ఆటోలో మూట దించినట్టు దించినారు. నేను గురువుగా నిలబడిన చోటు పాపా అది. ఈసారి నా కాళ్ళతో నేను వస్తా."

మరుసటి రోజు నుంచి సాయంత్రాలు వీధిలో సాధన మొదలైంది. తనూజ పక్కన చెక్కలు వాయిస్తూ నడుస్తుంటే జేజినాయన అడుగులు వేసేవాడు. మొదటి రోజు ఇరవై. నాలుగో రోజుకు డెబ్బై. ఆ వయసులో అంత పట్టుదల చూసి వీధంతా ముక్కున వేలేసుకుంది. మగ్గాలు ఆపి జనం అరుగుల మీదికి వచ్చారు.

"పుల్లయ్యను నడిపిస్తాండావే, గట్టిదానివి మ్మే!" అంది ఎదురింటి సుబ్బక్క.

ఆ మాటతో మన తనూజ కాళ్ళు నేల మీద నిలవలేదు.

చెక్కభజనలో ఒక పద్ధతి ఉంది. నెమ్మదిగా మొదలుపెట్టి, ముగింపు దగ్గర పడేకొద్దీ వడి పెంచాలి. ఈలలు పడేది అక్కడే. ఐదో రోజు, అందరూ చూస్తుండగా, తనూజ చేతులు అలవాటు ప్రకారం ఆ పనే చేశాయి. తక్ ఘల్ తక్ ఘల్ తకతక ఘల్!

జేజినాయన తాళం వదలలేదు. అడుగులు చిన్నవయ్యాయి, వేగమయ్యాయి. ఒళ్ళు ముందుకు వంగింది. కాళ్ళు ఒళ్ళును అందుకోలేకపోయాయి. సుబ్బక్క ఇంటి ముందు బండ మీద ఆయన బోర్లా పడ్డాడు.

మోకాలు చెక్కుకుపోయింది. అరచెయ్యి రక్తమైంది. నలుగురు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు.

"ఆటోకే చెప్పండి," అన్నాడు జేజినాయన గోడ వైపు తిరిగి. "ఇంగ నాతో కాదు."

తనూజ చెక్కలను చీరల మూట వెనక దాచేసింది. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు. తెల్లారాక మంచం దగ్గరికి వెళ్ళింది.

"జేజినాయనా, నేనే వడి పెంచినా. అందుకే పడినావు."

"తెలుసు పాపా."

"మరి ఆపమని చెప్పొచ్చు గదా?"

"చెక్కలు ఇనపడతాంటే ఆగేది నాకు రాదు. నలభై ఏండ్ల అలవాటు." మెల్లగా ఇటు తిరిగి అడిగాడు. "వాయించేటప్పుడు నువ్వు యాడ చూస్తాంటివి?"

తనూజ చూసింది అరుగుల మీది ముఖాలను. ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

అమ్మ పద్మశ్రీ మేడానికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. దెబ్బలు మానేదాకా ఆగమంది మేడం. "తర్వాత ఆయన హాయిగా నడిచే వేగం ఎంతో ముందు చూడండి. తాళం దాన్ని మించకూడదు. పెద్దవాళ్ళు ఒకరు పక్కనే ఉండాలి," అంది.

నాలుగు రోజుల తర్వాత తనూజ చెక్కలు బయటికి తీసింది. "వీధిలోకి వద్దు. మంచం నుంచి తలుపు దాకా, అంతే," అని బతిమాలింది. ఈసారి పక్కన నడవలేదు. ఆయనకు ఎదురుగా నిలబడి, వెనక్కి వెనక్కి నడిచింది. పాదం నేలకు ఆనాకే చెక్క కొట్టింది. అలా కొట్టగా కొట్టగా ఆయన అడుగు వేగం ఆమె చేతికి తెలిసింది.

తలుపు దగ్గర ఆగి జేజినాయన, "ఇంగోసారి పోదామా?" అన్నాడు.

ఆట రోజు వచ్చింది. జట్టులోని మిగతా పన్నెండు మంది పిల్లలూ గజ్జెలు కట్టుకుని పుల్లయ్య ఇంటికే వచ్చారు. అందరి చెక్కలూ ఒక్కసారిగా మోగాయి. జేజినాయన తెల్ల పంచె సర్దుకుని వీధిలోకి అడుగు పెట్టాడు. అమ్మ ఆయన పక్కనే నడిచింది.

నూరు అడుగులు. నూట యాభై. మందిరం కనపడగానే అక్కడి జనం ఈలలు వేశారు. "ఊపు పెంచండప్పా!" అని ఎవరో అరిచారు. తనూజ స్నేహితురాలు ఆరాధన చేతులు వడి అందుకున్నాయి. ఆమెను చూసి మిగతావాళ్ళూ అందుకున్నారు.

జేజినాయన అడుగు చిన్నదైంది. ఒళ్ళు ముందుకు వాలబోయింది.

ఆపమందామంటే, తాళం ఆగితే కాళ్ళూ ఆగిపోతాయి. తనూజ ఆయన ముందుకు వచ్చి, తన చెక్కలను ఉన్న బలమంతా పెట్టి నిదానంగా కొట్టింది. తక్ ఘల్. తక్ ఘల్.

"ఆరాధనా, నా చెయ్యి చూడు! అందరూ నా చెయ్యి చూడండి!"

ఆరాధన నిదానించింది. ఒకరి తర్వాత ఒకరు కలిశారు. ఈలలు ఆగిపోయాయి.

"ఇదేం చెక్కభజన! నిద్ర వస్తాండాది," అన్నాడు గుంపులో ఒకాయన. జట్టులో అందరికన్నా వడిగా వాయిస్తుందని పేరున్న పిల్ల తనూజ. ఆ మాట చురుక్కుమంది. అయినా తల తిప్పలేదు. కుడి పాదం, ఎడమ పాదం, మళ్ళీ కుడి పాదం. అంతే చూసింది.

నూట తొంభై. రెండు వందలు. జేజినాయన చెయ్యి చాపి మందిరం స్తంభాన్ని పట్టుకున్నాడు.

అప్పుడు తనూజ చెక్కలు దించి తలెత్తింది. మందిరం ముందున్న జనమంతా లేచి నిలబడి ఉన్నారు. ఒక్కరూ ఆమెను చూడటం లేదు. అందరూ జేజినాయననే చూస్తున్నారు. తనూజ కూడా అటే తిరిగి, వాళ్ళందరితో పాటు చప్పట్లు కొట్టింది.