రబ్బరు బ్యాండు వేసిన సీసా

మామగారి కంట్లో వేసిన చుక్క చెంప మీదికి జారగానే గుప్పున గులాబీ వాసన వచ్చింది. కంటి మందుకు వాసన ఉండదు.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. జలుబుతో వారంగా దిబ్బడేసిన ముక్కు ఆ ఉదయమే తెరుచుకుంది. సీసా దగ్గరికి తీసుకుని మళ్ళీ వాసన చూసింది. సందేహం లేదు. రోజూ తను కళ్ళకింద రాసుకునే పెప్టైడ్ సీరమ్ అది.

"ఏంటమ్మాయ్, బండి ఆగిపోయింది?" అన్నాడు పెద్దాయన కళ్ళు మూసుకునే. రైళ్ళు నడిపి రిటైరైన మనిషి, ఏ మాటయినా చివరికి పట్టాల మీదికే తెస్తాడు.

"కన్ను కడగాలి మామయ్యగారూ. లేవండి, త్వరగా!"

"మొన్నట్నుంచీ మండుతోందంటే, మందన్నాక మండదా అన్నావుగా?"

అవును, తనే అంది. నీటికాసుల జబ్బుతో ఆయన ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. మిగిలింది ఈ కుడి కన్నొక్కటే. లోపలి ఒత్తిడి పెరగకుండా రోజూ పొద్దున్నే ఒక చుక్క పడాలనీ, ఒక్కరోజు కూడా తప్పకూడదనీ డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మరి ఇన్నాళ్ళూ తన చేత్తో తను వేసిందేమిటి?

పెద్దాయన్ని వాష్‌బేసిన్ దగ్గర వంచి కన్ను కడుగుతూ కేకపెట్టింది. నోట్లో బ్రష్షుతో కూతురు పరుగెత్తుకొచ్చింది.

"తాతయ్య మందు సీసాలో నా సీరమ్ పోసింది నువ్వేనా?"

"నాకేం పిచ్చా అమ్మా? ఆ సీరమ్ కొనిచ్చినప్పుడే చెప్పాను కదా, కళ్ళకింద ఉబ్బు, నలుపు తగ్గడానికి చర్మం మీద మాత్రమే రాయాలి, కంట్లో పడనివ్వకూడదని!"

"మరి నా సీసాలో అది అంత తొందరగా ఎలా అయిపోతోంది? నేనేమైనా తాగుతున్నానా?"

"నన్నడిగితే? నీ బేకరీ పొయ్యిని అడుగు, తెల్లారకుండా లేపి నీ కళ్ళు పాడుచేసేది అదే కదా!" అని విసురుగా అంది గానీ, మరుక్షణమే పిల్ల ముఖంలో రంగు మారింది. "ఆగు. ఆదివారం ఫ్రిజ్ కడిగినప్పుడు కూరగాయల డ్రాయరు అడుగున ఇలాంటి సీసా ఇంకోటి దొరికింది. రబ్బరు బ్యాండు కూడా ఉంది. తాతయ్యదేననుకుని తలుపు అరలో రెండూ పక్కపక్కన పెట్టాను."

లేబుళ్ళు చదవలేని పెద్దాయన మందు కొన్నరోజే సీసా మెడకు ఎర్ర రబ్బరు బ్యాండు చుడతాడు. అది ఉంటే మందు. ఆ ఇంట్లో అందరికీ అదే గుర్తు. లేబుల్ చదవడం అందరూ ఎప్పుడో మానేశారు.

ఆమె ఫ్రిజ్ తలుపు తెరిచింది. అర ఖాళీ. రెండో సీసా లేదు.

గుమ్మంలో పనికి తీసుకెళ్ళే సంచి భుజాన వేసుకుని ఆమె భర్త నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టున్నాడు. "కారు తీస్తాను" అన్నాడు. తాళం చెవి రెండుసార్లు చేతిలోంచి జారి కింద పడింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ యంత్రం ముందు పెద్దాయన గడ్డం ఆనించి చూసింది.

"ఒత్తిడి బాగా పెరిగింది. మందు పడలేదని తెలుస్తూనే ఉంది. ఇప్పుడు మాత్ర ఇస్తాను, చుక్కలు వేస్తాను. తగ్గాక నరం సంగతి చూద్దాం." రోజూ వేసే మందే కొత్త సీసాలోంచి వేసి, అది కన్ను దాటి కారకుండా దూదితో అద్దుతూ మామూలుగా అంది: "ఇది చర్మానికి తగిలితే వెంటనే తుడిచేయాలి. లేకపోతే రెప్పలు ఎర్రబడతాయి, పోనుపోను కళ్ళకింద నల్లబడుతుంది."

ఆమె మెల్లగా తల తిప్పింది. భర్త రెండు కళ్ళ రెప్పలూ, కింద చర్మమూ కందిపోయి ఉన్నాయి. నిద్ర చాలక అనుకుంది ఇన్నాళ్ళూ.

"ఏమండీ, సంచి ఇలా ఇవ్వండి."

"దేనికి?"

"ఇవ్వండి!"

టిఫిన్ డబ్బా వెనక, దువ్వెన పక్కన దొరికింది రెండో సీసా. మెడకు ఎర్ర రబ్బరు బ్యాండు. మూత తీసి వాసన చూసింది. ఏ వాసనా లేదు.

"నాన్నా, నువ్వా?" అంది వాళ్ళతో వచ్చిన కూతురు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పొద్దుట్నుంచీ తన చేతులే నరుక్కోవాలనిపిస్తుంటే, ఈ మనిషి పక్కనే కూర్చుని గుటకలు మింగుతున్నాడు!

చాలాసేపటికి డాక్టరమ్మ మళ్ళీ చూసింది. "దిగుతోంది" అని ఒక్క మాట అంది.

పెద్దాయన కుర్చీలోంచి చెయ్యి చాపాడు. "ఇంజను డ్రైవరుకి ముందున్నది కనిపిస్తే చాలు. ఒరే, దగ్గరికి రా. నీ ముఖం చూడనీ." కొడుకు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముసలాయన కళ్ళు చికిలించి చూశాడు. "ఎర్ర సిగ్నలే కనబడుతోంది. ఏమైందిరా ఈ కళ్ళకి?"

కొడుకు తండ్రి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నేనే నాన్నా. మా షాపులో కొత్త మేనేజరు అందరిముందూ అన్నాడు, మీ ముఖం చూస్తుంటే కొనేవాళ్ళకి నిద్రొస్తోంది, రేపట్నుంచి కౌంటరు వదిలి గోడౌన్లో కూర్చోండి అని. అద్దంలో చూసుకున్నాను. కళ్ళకింద సంచులు. ఈ వయసులో మగాణ్ణి, క్రీములు రాసుకుంటున్నానంటే నవ్వుతారని సిగ్గేసింది. నీ ఖాళీ సీసా మూతి పీకి నీ కోడలి సీరమ్ కొంచెం కొంచెం దొంగిలించి పోశాను. రబ్బరు బ్యాండు ఉంటే ఎవరూ ముట్టుకోరని దాన్ని కావాలనే ఉంచాను. దాచినచోట లేకపోతే భయపడి, ఫ్రిజ్ తలుపులో చేతికి దొరికిన సీసా సంచిలో వేసుకున్నాను. వాసన రాకపోయినా, చర్మం మంటెత్తినా పనిచేస్తోందనే అనుకుని ఇంకా రాశాను. నీకు పడాల్సిన మందు నా ముఖానికి పూసుకున్నాను నాన్నా. పొద్దున తెలిసి కూడా నోరు విప్పలేదు, నింద నీ కోడలి మీద పడనిచ్చాను. ఇక ఈ సంచులుంటే ఉండనీ, గోడౌనయితే గోడౌను. నువ్వు ఈ ముఖాన్ని చూడగలిగితే చాలు, ఎలా ఉన్నా నాకు ఫర్వాలేదు."