దానంతటదే విచ్చుకునే గొడుగు

"మా దగ్గర ఇంటర్న్‌షిప్పులు లేవండీ," అన్నాను.

"తెలుసు. అందుకే నాది నేనే తయారుచేసుకుని వచ్చాను," అంటూ ఆ అమ్మాయి నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది.

బయట జోరువాన. ఆమె జడలోంచి నీళ్ళు టపటపా నా డ్రాయింగు మీద పడుతున్నాయి. గొడుగుల కంపెనీకి గొడుగు లేకుండా తడిసి వచ్చిన ఘనత ఆమెదే. ఆ క్షణాన నేను ఆమెకు వానమ్మాయి అని పేరు పెట్టేశాను.

"పొద్దుట్నుంచీ మీ కౌంటర్ దగ్గరే ఉన్నాను. ఆరుగురు గొడుగులు వాపసిచ్చారు. ఎందుకో మీకు తెలుసా?"

తెలియదు. వాపసు ఫారంలో చిరిగిందా, విరిగిందా, కారుతోందా అని మూడు గళ్ళుంటాయి. జనం మూడూ ఖాళీగా వదిలేసేవారు. మేం పరీక్షిస్తే గొడుగు లక్షణంగా ఉండేది. నాలుగో గడి పెట్టాలని మాకెవరికీ తోచలేదు.

"ఆరు వారాలివ్వండి, కనిపెడతాను. సర్టిఫికెట్ లేకపోతే కాలేజీలో నాకు ఈ ఏడాది పోయినట్టే."

కంపెనీ మా పెద్దమ్మది. పక్క బల్ల దగ్గరున్న ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "కనిపెడితేనే సంతకం. సరేనా అమ్మాయ్?"

"సరేనండీ."

మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. వాపసిచ్చిన ప్రతివాళ్ళనీ పలకరించేది, ఓ నోటుపుస్తకంలో రాసుకునేది.

"డిటెక్టివ్ గారూ, దొంగ దొరికాడా?" అనేవాణ్ణి.

"మీరు అడ్డు తప్పుకుంటే దొరుకుతాడు డిజైనర్ గారూ!"

ఖాళీ దొరికితే నేను చేసిన పెద్ద బటన్ గురించి చెప్పేవాణ్ణి. నా మొదటి డిజైన్ అది, వేలు తగిలితే చాలు గొడుగు విచ్చుకుంటుంది. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. ఐదో వారానికల్లా ఆదివారాలంటేనే నాకు చిరాకు పుట్టింది. ఆమె రాదు కదా!

చివరి రోజు పెద్దమ్మ ముందు నిలబడి, "కనిపెట్టలేకపోయానండీ," అంది నేల చూపులు చూస్తూ.

ఇన్ని వారాల కష్టం, ఏమీ లేదా? నమ్మబుద్ధి కాలేదు. ఆమె వద్దంటున్నా బల్ల మీది నోటుపుస్తకం లాక్కుని తెరిచాను.

నలభై ఒక్కమంది. ముప్ఫై ఆరుగురిది ఒకటే మాట: బ్యాగులో దానంతటదే విచ్చుకుంది. ఒకాయనకి ఇంటర్వ్యూ గదిలో. ఒకావిడకి బస్సులో, ముందు సీటాయన విగ్గు లేచిపోయిందట. కింద ఎర్ర సిరాతో, 'కారణం: పెద్ద బటన్'.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ పిల్ల పట్టేసింది, పట్టి వదిలేసింది.

"పెద్దమ్మా, ఆమె కనిపెట్టింది. తప్పు నా బటన్‌ది," అంటూ పుస్తకం ఆవిడ చేతికిచ్చాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పెద్దమ్మ చదువుతూ విగ్గు సంగతి దగ్గర కిసుక్కున నవ్వి, తర్వాత ఆమె వైపు తిరిగింది. "ఎందుకు దాచావే?"

"ఆ బటన్ గురించి చెప్పేటప్పుడు ఈయన మొహం వెలిగిపోతుందండీ. నా చేత్తో ఆర్పబుద్ధి కాలేదు."

"ఏడాది పోయినా ఫర్వాలేదా?"

"మళ్ళీ చదువుకుంటాను."

ఇక ఆగలేకపోయాను. "బటన్ పోతే ఇంకోటి గీస్తాను. మీరు రేపట్నుంచి రాకపోతే నాకు చేతులాడవు. మీరంటే నాకు చాలా ఇష్టం."

పెద్దమ్మ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి, సీలు గట్టిగా గుద్దింది. "మీ అమ్మగారి నంబరు ఇచ్చి వెళ్ళమ్మాయ్. నేను మాట్లాడతాను," అని గదిలోంచి వెళ్ళిపోయింది.

వానమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నా పక్కకి కుర్చీ జరుపుకుని, నా చేతిలో పెన్సిల్ పెట్టింది.

"నాక్కూడా చాలా ఇష్టం," అంది. "గీయండి, చూస్తాను."

నేను గీయలేదు. పెన్సిల్ పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను.