వంతెన మీద వెనక్కి నడిచిన బస్సు

ఉంగుటూరు దాటాక కాలవ మీద ఎత్తు వంతెన ఉందే, చీకటి పడ్డాక దాని పేరెత్తితేనే జనం మాట మార్చేసేవారండీ. పడవ బోల్తాపడి పోయిన మనిషొకడు అక్కడ బళ్ళని వెనక్కి లాగుతాడని ప్రతీతి. నేను దాదాపీర్ నోట విన్నది విన్నట్టు చెబుతున్నాను. మీరు జడుసుకుంటే నా పూచీ లేదు.

దాదాపీర్ కనకరాజుగారి బస్సు డ్రైవరు. పందొమ్మిది వందల ముప్ఫై నాలుగులో మాట. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి రాత్రి ఆఖరి ట్రిప్పు. పగలంతా వంతెన బుద్ధిగా ఎక్కే బస్సు, ఆ ట్రిప్పులో మాత్రం సగం ఎత్తులో దగ్గేది... ఆగేది... మెల్లగా వెనక్కి జారేది — ఎవరో పట్టుకు లాగినట్టు!

కనకరాజుగారు రెండుసార్లు రిపేరు చేయించారు. మళ్ళీ అదే వరస. ఇంకోసారి బాగుచేయించనా, దీన్ని వదిలించుకుని కొత్తది కొననా అని ఆయనకి నిద్ర లేదు. దాదాపీర్‌కి అంతకన్నా లేదు. కొత్త బస్సుతోపాటు బెజవాడ నుంచి కొత్త డ్రైవరొస్తాడని అప్పటికే అనుకుంటున్నారు. ఇంట్లో నలుగురు పిల్లలు, అతనికా ఇంకో పని రాదు.

సంగతి తేల్చుకోవడానికి ఒక రాత్రి రాజుగారే ఎక్కారు. వంతెన సగం ఎక్కారో లేదో, ఇంజను దగ్గింది. దీపాలు ఆరిపోయాయి. బస్సు వెనక్కి జారుతోంది —

"బ్రేకెయ్యవయ్యా!" రాజుగారు సీటు పట్టుకుని అరిచారు.

"వేశానండీ..."

వెనక సీట్లో పెంటపాడు మిషన్ బడి పంతులమ్మ హన్నమ్మగారు ప్రార్థన ఆపి గుసగుసలాడారు. "మొహం చూపిస్తున్నాం కాబట్టే ఆ దెయ్యం పట్టుకుంటోంది నాయనా. వీపు చూపించు."

దిగువకి వచ్చాక దాదాపీర్ హ్యాండిలు కొట్టి ఇంజను మళ్ళీ స్టార్టు చేసి, బస్సు తిప్పాడు. రివర్సు వేశాడు. వెనక్కి... వెనక్కి... ఎక్కేసిందండీ! హన్నమ్మగారు కీర్తన ఎత్తుకున్నారు. తిరుపతి వెంకన్న భక్తుడైన రాజుగారూ గొంతు కలిపేశారు.

ఇక రోజూ అదే ఆచారం. వంతెన దగ్గర బస్సు తిరిగేది, జనం కళ్ళు మూసుకునేవారు. "వెనక్కి నడిచే బస్సు ఎన్నాళ్ళోయ్!" అని రాజుగారు కొత్తదానికి ఆర్డరిచ్చేశారు.

అది వచ్చాక పాతదాన్ని అమ్ముదామని ఏలూరు మెకానిక్ ఇమ్మానుయేలుకి చూపించారు. అతనికి నవ్వాగలేదు. "టాంకు సీటు కిందుందండీ. ఆఖరి ట్రిప్పుకి పెట్రోలు అడుగంటి ఎత్తు మీద ఇంజనుకి అందదు; ఇంజనాగితే దీపాలూ ఆరతాయి, ఈ పాత బ్రేకూ పట్టదు. వెనక్కెక్కిస్తే టాంకు ఇంజనుకన్నా పైకొచ్చి అందుతుంది. ఇంత పిసరు కొలిచి పోయించేదెవరండీ?"

ఎవరో కాదు, రాజుగారే. ఇంకో డబ్బా పోయిస్తే రిపేరూ అక్కర్లేదు, కొత్త బస్సూ అక్కర్లేదు. ఆయన మొహం చూడాలి! పక్కనే ఉండి దాదాపీర్ అంతా విన్నాడు.

కొత్త బస్సు మొదటి రాత్రి. బెజవాడ డ్రైవరు నేరుగా వంతెన మీదకి పోబోయాడు. జనమంతా గోల పెట్టి దిగిపోయారు.

"ఇన్నాళ్ళూ వీపు చూపించి ఇవాళ మొహం చూపిస్తే అది ఊరుకుంటుందాండీ?" అన్నారు హన్నమ్మగారు.

నిజం చెబితే ఆ దెయ్యం తనేనని రాజుగారు ఒప్పుకోవాలి. చెప్పలేదు. చీకట్లో, ఆ ఇరుకు వంతెన మీద, వెనక్కెక్కించడం బెజవాడ డ్రైవరు వల్ల కాలేదు. మూడోనాడు ఊరెళ్ళిపోయాడు. దాదాపీర్‌కి మళ్ళీ పనిలోకి రమ్మని రాజుగారి కబురొచ్చింది.

మొన్న నేనా కొత్త బస్సెక్కాను. టాంకు నిండా పెట్రోలు. అయినా వంతెన దగ్గర బస్సు తిరిగింది, జనం కళ్ళు మూసుకున్నారు. నేను దాదాపీర్ చెవి దగ్గరకి వంగాను. "అంతా తెలిసిందే కదయ్యా. ఒక్కసారి ముందుకి పోనీ."

అతను కంగారుగా జనంకేసి చూసి, నా చెయ్యి నొక్కాడు.

"మెల్లగా మాస్టారూ... ముందుకెళ్ళే బస్సుకి నేనెందుకండీ?"