మెట్ల కింద మూడో మెషీన్

ఆ కంటి ఆసుపత్రిలో మెట్ల కింది గదికి చెడ్డపేరు. పొద్దుగూకితే అటు ఎవరూ పోరట. చచ్చిపోయినాయన పేరు ఆ గదిలోంచే మళ్లీ లేచి వస్తుందట... మా మనవరాలు చెప్పింది, విన్నది విన్నట్టే రాస్తున్నాను.

రోగుల జాబితా మూడు మెషీన్లలో ఉంటుంది. ఒకదాంట్లో రాస్తే మిగతా రెండూ కనుక్కుని రాసుకుంటాయి. ఒకటి పడకేసినా పని ఆగదు. రెండు మేడ మీద, మూడోది మెట్ల కింద. దాని రొద ఎవరో గురక పెట్టినట్టుంటుందని మేనేజరుగారు ప్లగ్గు పీకిస్తాడు. రెండు వారాలయ్యాక, పైవాళ్లు అడుగుతారని మళ్లీ పెట్టిస్తాడు. అంత చదువు, అంత గుండె!

ఇంతలో ఒక పెద్దాయన పోయారని ఇంటినుంచి ఫోన్ వచ్చింది. పేరు కొట్టేశారు. రెండు వారాలకు ఆ పేరు మళ్లీ జాబితాలో ఉంది. మళ్లీ కొట్టేశారు. మళ్లీ—

వచ్చింది.

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని నేను. ఇరవయ్యేళ్లు చదివినవాళ్లు ఆ గది గుమ్మానికి నిమ్మకాయ ఒక్కటే కట్టలేదు.

మా పిల్ల ఆ ఉద్యోగంలో చేరి నెల. "కొత్తమ్మాయ్, రేపు పొద్దున్నకల్లా ఆ పేరు పోవాలి. లేదంటే నువ్వు పోతావ్," అన్నాడట మేనేజరు. అని, చీకటి పడకముందే ఇంటికి చెక్కేశాడు, వీరుడు!

రాత్రి అది ఆ గదిలోనే కూర్చుంది. అసలు జాబితా జోలికి పోకుండా, తన ఒక్క ల్యాప్‌టాప్‌లోనే మూడు మెషీన్లున్నట్టు ఆడించాలట. ఎంత విడ్డూరం! మొదట మూడింటికీ ఒకే పోర్టు నంబరిచ్చింది. ఒకే గుమ్మంలో ముగ్గురు ఇరుక్కున్నట్టయింది. వేరువేరు నంబర్లిచ్చింది. అప్పుడు మొదటిది మెమరీ అంతా మింగి కూర్చుంది. తలా ఇంతని కొలిచి పెట్టింది. పదకొండు దాటాక మూడూ లేచి పలకరించుకున్నాయి.

అప్పుడు నాకు ఫోన్... గుసగుసగా.

"అమ్మమ్మా, పడుకున్నావా?"

"పడుకుంటే పలుకుతానా? ఏమిటే ఆ గొంతు?"

"నా ల్యాప్‌టాప్‌లో మూడోదాన్ని ఆపి, ఆయన పేరు కొట్టేశాను. ఇప్పుడు దాన్ని లేపుతున్నా... లైన్లో ఉండు."

దాని వెనక ఏదో గుర్రుమంటోంది.

"అమ్మమ్మా... వచ్చాడు!"

నా ఒళ్లు జల్లుమంది. అది మాత్రం నవ్వుతోంది.

కొట్టేసిన పేరుకు మెషీన్లు ఒక గుర్తు పెట్టుకుంటాయట. పది రోజులయ్యాక ఆ గుర్తును పారేస్తాయి. ఆ పది రోజుల్ని మా పిల్ల ఒక్క నిమిషానికి కుదించి చూసింది. నిద్రలో ఉన్న మూడోదానికి కొట్టేసిన సంగతే తెలీదు. లేచి, "ఆయన ఉన్నాడుగా" అంటుంది. గుర్తు పారేసుకున్న రెండూ "ఓహో" అని రాసేసుకుంటాయి. దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ప్లగ్గు పీకే మేనేజరున్నాడు, అంతే.

అసలు మెషీన్లు మూడూ మెలకువగా ఉండగా పేరు కొట్టేసింది. ఈసారి పోయింది. నిజంగానే పోయింది.

తెల్లారి మేనేజరు నోట కొత్తమ్మాయి కాస్తా "మేడం" అయింది. అప్పుడే బయట కర్ర చప్పుడు... టక్... టక్... రోగులు కూర్చునే హాలు వీళ్ల ఆఫీసు గదికి పదడుగులు. ఇన్నాళ్లూ వీళ్లలో ఒక్కడూ ఆ హాల్లోకి తొంగి చూడలేదు.

గుమ్మంలో ఒక ముసలాయన.

"నెలనెలా కంట్లో సూదికి పిలిచేవారు. ఇవాళ పిలవలేదేం బాబూ? అది తప్పితే ఈ కాస్త చూపూ పోతుందన్నారు డాక్టరుగారు." పేరు చెప్పాడు.

మేనేజరు కుర్చీ వెనక్కి నక్కాడు. మా పిల్ల లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉందట. తీసుకెళ్లి సూది గదిలో వరసలో ముందు కూర్చోబెట్టి, పేరు తిరిగి ఎక్కించి, మెల్లగా అడిగింది—

"తాతగారూ... మీరు పోయారని మీ ఇంటినుంచే ఫోన్ వచ్చిందండీ..."

"పోయింది మా తమ్ముడమ్మా. వాడి పేరు తీసెయ్యమని ఫోన్ చేసింది నేనే."